మడికొండలో తాళంచెవి

నిఘా శాఖ సీనియర్ అధికారి సదానందాన్ని పట్టపగలు మడికొండ చౌరస్తాలో లారీ గుద్ది చంపింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ఆ లారీ నంబర్ ప్లేట్ నకిలీదని తెలిసినవాళ్లు దేశం మొత్తం మీద ముగ్గురే. వాళ్లలో ఒకడు ఏజెంట్ పండరి. మూడు వారాల తర్వాత ఏసీ మెకానిక్ వేషంలో అదే చౌరస్తా దాటుతున్నాడు.

చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్. అందులో హైదరాబాద్ నుంచి చీఫ్ శ్యాంసుందర్ గొంతు.

"మళ్లొకసారి విను. విదేశాలల్ల ఉన్న మన నలభై ముగ్గురు ఏజెంట్ల అసలు పేర్లు ఢిల్లీ సర్వర్ల ఉన్నయి. అంతా ఎన్‌క్రిప్షన్. మడికొండ ఆఫీసుల ఒక్క మెషినే నెట్‌వర్క్ మీద వాటిని తెరుస్తది. కీ ఆ మెషిన్ గుండెకాయ లాంటి కెర్నెల్ మెమరీల తప్ప యాడా లేదు."

"బీరువా ఒక ఊళ్లె, తాళంచెవి ఇంకో ఊళ్లె."

"అంతే. బీరువాను విక్టర్ ముఠా ఎప్పుడో కాపీ కొట్టింది. తాళంచెవే తక్కువ. పది గంటలకు బ్యాకప్ షురూ అయితది. ఆ లోపల వాళ్లను ఆపు. వాళ్లతోటి ఉన్న ఇందును అరెస్ట్ చెయ్యి."

మూడేళ్ల క్రితం పండరితో పెళ్లికి కార్డులు అచ్చయ్యాక ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి ఇందు. తర్వాత డిపార్ట్‌మెంట్ అతనికి ఒక ఫొటో చూపించింది. దుబాయ్ ఎయిర్‌పోర్టులో నల్ల కళ్లద్దాలు, ఎర్రచీర, పక్కన విక్టర్. ఆ ఫొటో చూసిన రోజు నుంచి పండరి సరిగ్గా నిద్రపోయిన రాత్రి లేదు.

అసలు ఈ గొడవంతా తొందర వల్ల వచ్చింది. ఫైళ్లకు తాళం వేసి తీసే పాత ఎన్‌క్రిప్షన్ మాడ్యూల్ నత్తలా నడిచేది. ప్రతి పేజీనీ ఒకసారి కాపీ చేసుకుని, తాళం తీసి, మళ్లీ కాపీ చేసి ఇచ్చేది. ఫైలు మీద క్లిక్ చేసి, కాజీపేట దాకా పోయి చాయ్ తాగి రావచ్చని స్టాఫ్ విసుక్కునేవారు. ఒక కంపెనీ వచ్చి, కాపీల బెడద లేకుండా ఉన్నచోటనే తాళం తీసే కొత్త మాడ్యూల్ ఇచ్చింది. పదింతల స్పీడ్. అందరూ ఎంత మురిసిపోయారంటే, కోడ్ చివరి నలభై లైన్లు చదివే ఓపిక ఒక్క మహానుభావుడికీ లేకపోయింది.

తొమ్మిదీ యాభై ఒకటి. పండరి సర్వర్ గది తలుపు తోశాడు, చేతిలో పిస్టల్. లోపల సిగ్నల్ లేక చెవిలో చీఫ్ గొంతు తెగిపోయింది.

విక్టర్ కుర్చీకి కట్టేసి ఉన్నాడు, నోటికి టేపు. మెషిన్ పక్కన నేల మీద ఇందు కూర్చుని ఉంది. ఆమె చేయి నీలం రంగు నెట్‌వర్క్ కేబుల్ మీద ఉంది.

"జంపఖానా అంచు ఏ రంగు?" అంది ఆమె.

అది సదానందం పెట్టిన కోడ్ మాట. ఆయన సొంతంగా నడిపిన పండరిలాంటి ఏజెంట్లకు తప్ప ఎవరికీ తెలియదు.

"అంచు లేదు. ఇంకా మగ్గం మీదనే ఉన్నది," అన్నాడు. పిస్టల్ దానంతటదే కిందికి దిగింది. "నువ్వు... మనోళ్లతోనే ఉన్నవా?"

"మూడేండ్ల సంది. నీకు చెప్పొద్దని సదానందం సారు ఒట్టు వేయించుకున్నడు. నేను పంపిన రిపోర్టులన్నీ ఒక్క ఫైల్ల పెట్టిండు. రెండో కాపీ పెట్టుడు ఆయన కానూన్ల లేదు. ఆ ఫైలు గూడ ఢిల్లీ సర్వర్లనే ఉన్నది, గీ మెషిన్ తోటే తెరుసుకుంటది."

"అయితే తెరువు. చీఫ్‌కు చూపెడ్త."

"తెరవరాదు పండరీ. కొత్త మాడ్యూల్ల గా చివరి నలభై లైన్లను విక్టర్ ఇప్పుడే లేపిండు. ఇగ ఎవలు ఏ ఫైలు చదివినా, చదివిన ఆ క్షణమే కీ బయటికి పోతది. పది గంటలకు బ్యాకప్ ఫైళ్లన్నీ చదువుతది. అది ఢిల్లీ నుంచి షురూ అయితది, ఈడ ఆపరాదు."

"కేబుల్ పీకినంక చదువుదాం."

"పీకినంక ఫైలు యాడిది? అది ఢిల్లీల ఉన్నది గద. లింకు తెగితే పది సెకన్లల్ల కెర్నెల్ కీని చెరిపేస్తది. మళ్ల తెరిచే పాస్‌వర్డ్ సారు తలకాయలనే ఉండె. ఆయన లేకుంటే కేబుల్ పీకే ధైర్యం ఎవలకూ రాదనే ఆయనను చంపిన్రు."

పండరికి అర్థమైంది. కేబుల్ పీకితే నలభై ముగ్గురు బతుకుతారు. ఇందు దేశద్రోహి కాదని చెప్పే ఒకే ఒక్క కాగితం మాత్రం ఎప్పటికీ తెరుచుకోదు. దానికి సాక్షి అయిన మనిషి మూడు వారాల క్రితమే పోయాడు.

"పది నిమిషాల సంది గిట్లనే పట్టుకోని కూసున్న," అంది ఇందు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "చెయ్యి వస్తలేదు. నువ్వు పీకు."

"ఉరికిపో. నేను చూడలేదని చెప్త."

"ఉరికితే నేను ద్రోహినని నేనే దస్కత్ పెట్టినట్టు గాదా?"

తొమ్మిదీ యాభై తొమ్మిది. పండరి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె చేతి మీద తన చేయి వేశాడు. మూడేళ్ల తర్వాత ఆమెను ముట్టుకోవడం అదే మొదటిసారి. యాభై ఆరో సెకను. యాభై ఏడు.

"నేను నమ్ముతాన," అన్నాడు.

"గంతే చాలు," అంది. చాలదని ఇద్దరికీ తెలుసు.

ఇద్దరి చేతులూ కలిసే కేబుల్ పీకాయి. స్క్రీన్ మీద పది నుంచి అంకెలు దిగి, సున్నా దగ్గర మెషిన్ నల్లబడింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"పేర్లకేం ఫికర్ లేదు, నలభై ముగ్గురూ బతికే ఉన్నరు, మళ్ల రాసుకుంటం. ఆమెది మాత్రం కష్టం పండరీ."

"కోడ్ చెప్పింది సార్. విక్టర్‌ను కట్టేసింది గూడ ఆమెనే."

"కోడ్ సదానందం నుంచి గుంజుకోని ఉంటరు. కట్టేసుడంటవా, దొంగలు పంచుకునే కాడ కొట్లాడుకోరా? విక్టర్‌ను అడిగినం. ‘నా దగ్గర ఇందు అంత నమ్మకమైన మనిషి ఇంకొకరు లేరు’ అని చెప్పిండు. పాపం, వాడు నిజమే చెప్తాండు."

"నేను సాక్ష్యం చెప్త సార్."

"పెళ్లి చేసుకోవాలనుకున్నోని సాక్ష్యం ఏ కోర్టు వింటది?"

ఆ రాత్రి పండరి ఆమె కోసం పదకొండు పేజీల రిపోర్టు రాశాడు. ఆధారాలు అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ గడి ఖాళీగానే పంపాడు. తర్వాత ప్రతి నెలా ఇంకో రిపోర్టు రాశాడు, ప్రతిసారీ ఆ గడి ఖాళీయే.

ఆరు నెలలకు అతనికి ప్రశంసాపత్రం వచ్చింది. రహస్య ఏజెంటు కాబట్టి అందులో అతని పేరు లేదు. ఇందు పేరు మాత్రం, పట్టుబడిన శత్రువుల జాబితాలో, ఇంటిపేరుతో సహా ఒక్క తప్పు లేకుండా అచ్చు వేశారు.