ఉయ్యాల మోరీ కాడ అడిగిన మాట

నంద్యాల నుంచి వస్తాంటే, ఆళ్లగడ్డ ఇంకో నాలుగు కిలోమీటర్లు ఉందనంగా రోడ్డు మింద ఒక మోరీ, చిన్న వంతెన, వస్తాది. కింద కాలవ, పక్కన తుమ్మచెట్టు. చెట్టు నిండా గుడ్డ ఉయ్యాలలు. పిల్లలు లేనోళ్లు వచ్చి కట్టిపోతారు. పగలు చూస్తే ఏమీ లేదు, పాత చీరపేలికలు గాలికి ఊగుతాంటాయి. పొద్దు మునిగినాక మాత్రం ఆటోవాళ్లు ఆడ హారన్ కూడా కొట్టరు.

ఎందుకంటే… ఆమె మేలుకుంటాదంట.

మా అమ్మ చిన్నప్పటి సంగతి. ఒకామెకు కడుపు పండలేదని మొగుడు ఇంట్లోంచి తరిమినాడంట. రెండోదాన్ని చేసుకున్నాడు, పిల్లల్లేరు. మూడోదాన్ని చేసుకున్నాడు, ఆమెకూ లేరు. అప్పటికి మొదటామె ఈ కాలవలో తేలి ఎన్నేండ్లో అయింది. అప్పట్నుంచి రాత్రిపూట ఆ దావన పోయే మొగోళ్లను ఆపి ఒక్కటే మాట అడుగుతాదంట.

“తప్పెవర్ది?”

నిజం చెప్తే వదుల్తాదంట. అబద్ధం చెప్పినోని బండి పొద్దునకు కాలవలో ఉంటాదంట.

ఇవన్నీ నేను నమ్మేదాన్ని కాదు. నా పేరు హుస్సేన్‌బీ. ముప్పై ఏండ్లు నర్సు పని చేసినా. పుట్టినోళ్లను ఈ చేతుల్తోనే కడిగినా, పోయినోళ్లనూ ఈ చేతుల్తోనే కడిగినా. దెయ్యమంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాదు.

మా పక్కింటోడు సాల్మన్ రాజు. రాతి బొమ్మలు చెక్కే షెడ్డులో పాలిష్ మిషను పట్టుకుంటాడు. పెండ్లాం భానుప్రియ. పెండ్లయి ఆరేండ్లు, పిల్లల్లేరు. తల్లి లూదియా… చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి. తెల్లచీర, చంకలో బైబిలు. బయట నోరు తేనె. ఇంట్లో కోడలి మిందికి మాత్రం అదే నోరు కత్తి. మా గోడ అవతల నుంచి రోజూ వింటాంటి. “నా కొడుకు రాయి లాంటోడు. నీ కడుపే బండ.” ఒకసారి చర్చిలో ఎవరో పసిబిడ్డను ప్రతిష్ఠకు తెస్తే, భానుప్రియ ఎత్తుకోబోయింది. అత్త అందరి ముందరా ఆ బిడ్డను లాక్కుంది. “నువ్వొద్దులే” అనింది. ఆ పిల్ల ఇంటికొచ్చి వంటింట్లో తలుపేసుకుని కూచుంది. తలుపు సందులోంచి ఏడుపు కూడా వినపడలేదు.

అసలు సంగతేందంటే, లోపం సాల్మన్‌ది.

రెండేండ్ల ముందే నంద్యాలలో పరీక్ష చేయించుకున్నాడు. వీర్యకణాల కౌంటు తక్కువ. మందులతో కుదరొచ్చు, కుదరకపోవచ్చు అని రిపోర్టులో ఉండాది. “ఇంట్లో నేనే చెప్తాలే మేడం” అని డాక్టరమ్మకు మాటిచ్చినాడు. చెప్పలేదు. ఈ పొద్దు చెప్తా, రేపు చెప్తా అంటానే రెండేండ్లు గడిపినాడు. తను మాత్రలు షెడ్డులో దాచుకుని మింగుతాడు. ఇంట్లో ఆ పిల్ల సూదులు పొడిపించుకుంటాది, తిట్లు తింటాది. ఇదంతా నాకెట్ల తెలుసో తర్వాత చెప్తా.

మొన్న చలికాలం మాట ఇది. డాక్టరమ్మ స్కాను తీసి, గుడ్డు బాగా పెరిగింది, ఈ రాత్రి సరిగ్గా పదికి సూది పడాల, ఎల్లుండి పొద్దున పదికి ఆస్పత్రికి రావాల అని చెప్పింది. ఐదు నిమిషాలు ముందూ కాదు, వెనకా కాదు. ఆ సూదిమందు మన ఆళ్లగడ్డలో దొరకదు. నంద్యాల షాపులోనూ సాయంత్రానికి గానీ రాలేదు. సాల్మన్ పెండ్లాన్ని మధ్యాహ్నమే బస్సెక్కించి, తను ఉండి మందు తీసుకున్నాడు. దాన్ని ఐసులో పెట్టి, తెల్ల డబ్బాలో సర్ది, బండి వెనక తాడుతో కట్టినాడు. ఎనిమిదిన్నరకు బయల్దేరినాడు.

నేను వాళ్లింట్లోనే సిరంజీ పెట్టుకుని కూచున్యా. లూదియా ఇంట్లో లేదు, ఉపవాస ప్రార్థన ఉండాదని చెప్పి పోయింది. భానుప్రియ గడియారం చూస్తాండాది, తలుపు చూస్తాండాది.

ఆడ ఏం జరిగిందో సాల్మన్ చెప్పినట్టే చెప్తా.

మోరీ దగ్గరికొచ్చేసరికి తొమ్మిదిన్నర. మంచు పట్టింది. తుమ్మచెట్టు మింద ఉయ్యాలలన్నీ ఊగుతాండాయి… గాలి మాత్రం లేదంట. చూడకూడదనుకుంటానే చూసినాడు. భయంతో బండి గట్టిగా తిప్పినాడు. ముందు స్పీడు బ్రేకరుంది. బండి ఎగిరింది.

అర కిలోమీటరు పోయినాక చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు.

డబ్బా లేదు.

ఆ డబ్బా లేకుంటే ఈ నెల పోయినట్టే. మళ్లీ మొదట్నుంచి మాత్రలు, స్కాన్లు, తల్లి మాటలు. తిప్పుకోక తప్పదు. తిప్పుకున్నాడు.

మోరీ కాడ బండి దిగి వెతుకుతాంటే ఫోను మోగింది. నేనే చేసినా.

“యాడుండావ్ నాయనా? టైమయితాండాది!”

“పెద్దమ్మా… డబ్బా పడిపోయింది! మోరీ కాడ… వెతుకుతాండా…”

అని, ఫోను లైటు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, వెలుతురు ముందుకు పడేట్టు. రెండు చేతుల్తో గడ్డి తడిమినాడు. డబ్బా దొరికింది. మూత ఊడింది, ఐసు పోయింది. సీసా మాత్రం… పగల్లేదు. దాన్ని పట్టుకుని తలెత్తినాడు.

చెట్టు కింద తెల్లచీరలో ఒకామె కూచోనుండాది.

తల వంచుకుని… మొగం కనపడకుండా… చేతిలో ఒక చిన్న ఉయ్యాల.

వీడు పరిగెత్తాలనుకున్నాడు. సీసాను గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు వినపడింది. మెల్లగా, ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన గొంతు.

“ఇప్పుడు చెప్పు… తప్పెవర్ది?”

దూరం నుంచి కాదంట. తన గుండెల్లోంచే వచ్చినట్టుందంట.

వాడు మోకాళ్ల మింద పడినాడు. “నాదే! నాదే తప్పు! లోపం నాది తల్లీ. రిపోర్టు దాచినా. రెండేండ్లు… నా మొగతనం యాడ పోతాదో అని దాన్ని అందరితో తిట్టించినా. దానికేం లేదు. నా భానుకి ఏం లేదు. నన్నేమన్నా చెయ్యి, ఈ సూది మాత్రం ఇంటికి పోనీ…”

తెల్లచీర కదిలింది. లేచింది. ఒక్కో అడుగూ వేసుకుంటా వచ్చింది. జేబులోని లైటు మొగం మింద పడింది.

“ఒరేయ్… సాల్మనూ…”

లూదియా! వాని కన్నతల్లి! చర్చి వాళ్లకు తెలిస్తే పరువు పోతాదని, ప్రార్థన పేరు చెప్పి, చీకట్లో షేరాటో దిగి, మనవడి కోసం ఉయ్యాల కట్టను వచ్చింది. తన పాత చీరకొంగు చించి కుట్టింది. ఆమె చెట్టుకొమ్మ గుంజి కడతాంటేనే ఉయ్యాలలన్నీ ఊగినాయి. బండి చప్పుడుకు భయపడి కింద కూచుంది.

కొడుకు అడిగినాడు. “నువ్వా… ఇందాక అడిగింది?”

“నేనేం అడగలేదురా. ఎవరన్నా చూస్తారని నోట్లో కొంగు కుక్కుకుని కూచున్యా.”

తల్లీ కొడుకూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. చెట్టు వైపు మాత్రం ఇద్దరూ చూడలేదు. బండెక్కి వచ్చేసినారు.

అడిగింది ఎవరో నాకు తెలుసు. ఆ మాట నా పక్కనే పుట్టింది.

వాడు ఫోను కట్ చెయ్యలేదప్పా! వాని ఫోనూ, నా ఫోనూ స్పీకర్‌లోనే ఉండాయి. డబ్బా పడిందని వినంగానే భానుప్రియ నా చేతిలోని ఫోను లాక్కుంది. ప్రతి నెలా నెల తప్పకపోతే తప్పు ఆ పిల్లదే కదా. ఈసారి మందు పారేసింది మొగుడు. అందుకే అడిగింది… అరవలేదు, ఊపిరితో అడిగింది. జవాబుగా ఇంతటిది వస్తాదని ఆమెకూ తెలీదు. అంతా విన్నది. ఫోను ఒళ్లో పెట్టుకుని గోడ చూసింది. ఒక్క చుక్క కన్నీళ్లు రాలేదు.

పదికి ఇంకా ఎనిమిది నిమిషాలుండంగా వాళ్లొచ్చినారు. లూదియా గడప దాటలేదు. చేతిలో ఆ గుడ్డ ఉయ్యాల అట్లే ఉండాది. “బిడ్డా…” అనింది. సాల్మన్ పెండ్లాం ముందర నిలబడి నోరు తెరిచినాడు.

“నువ్వు చెప్పాల్సింది చెప్పేసినావ్,” అనింది భానుప్రియ. “సూది వెయ్యి పెద్దమ్మా. టైము పోతాండాది. వీళ్ల మింద కోపం తర్వాత పడతా.”

సరిగ్గా పదికి వేసినా. దూది పెట్టి రుద్దుతాంటే, ఆ పిల్ల తల తిప్పి నా కండ్లలోకి చూసింది.

“పెద్దమ్మా… నీకు ముందే తెలుసా?”

తెలుసు. రెండేండ్ల ముందు ఆ ఇంగ్లీషు రిపోర్టు నాతోనే చదివించుకున్నాడు వాడు. నా కాళ్లు పట్టుకున్నాడు. “నేనెందుకు చెప్తా నాయనా” అన్నా. మొగోని మర్యాద అనుకున్యా. గోడ అవతల ఆ పిల్ల తిట్లు తింటాంటే ఇవతల చాయ్ తాగినా. నెల నెలా నేనే సూదులు పొడిచినా. తౌబా, అల్లా నన్ను మన్నించాల.

“లేదు బిడ్డా,” అన్నా.

ఆ నెల కడుపు నిలబడలేదు. ఇప్పుడు మళ్లా చూపించుకుంటాండారు. ఈసారి మొగుడూ పెండ్లాం ఇద్దరూ పోతాండారు, మాత్రలు ఇంట్లో అల్మారాలోనే పెట్టినాడు. లూదియా చర్చిలో అందరి ముందర లేచి, నా కోడలి తప్పేం లేదని చెప్పింది. చెప్పాల్సినోళ్లందరూ చెప్పేసినారు, నేను తప్ప.

మూడు రోజుల కింద నంద్యాలలో చుట్టాలింటికి పోయి, రాత్రి షేరాటోలో వస్తాండా. వెనక సీట్లో నేనొక్కదాన్నే. మోరీ కాడ స్పీడు బ్రేకరుకు ఆటో నెమ్మదించింది. చెవి పక్కనే… ఊపిరితో…

“తప్పెవర్ది?”

“ఏమన్నా అడిగినావా అప్పా?” అన్నా డ్రైవరుతో.

“నేనా? లేదే, పెద్దమ్మా.”

నా ఫోను పొద్దున్నే ఛార్జింగు అయిపోయి సంచిలో పడుండాది. మొగోళ్లనే అడుగుతాదని ఎవరు చెప్పినారో గానీ, నేను నోరు తెరవలేదు. ఆటో కాలవలోనూ పడలేదు. ఆ గొంతు మాత్రం ఇంకా చెవిలోనే ఉండాది.

రేపు పొద్దున భానుప్రియ నా దగ్గరికి సూదికి వస్తాది.