ఏడు డిగ్రీల తేడా

"అయ్యో, దిక్కు గీత గీయకముందే విరిచేసినారా?"

చేతిలోని వేలెడు రాతి ముక్కను యతీశ్ అయోమయంగా చూశాడు. "రాయి కావాలంటిరి కదా మేడం. తీసిచ్చినాను."

"ఉత్త రాయి నాకెందుకు? అది ఏ దిక్కుకు తిరిగి ఉండిందో కావాలి!"

గురుబరపల్లి దగ్గరి ఆ గుట్ట మీద, యతీశ్ నాన్న కదిరప్ప మేకలు మేపే చోట, నల్లరాయి గోడలా సాగిపోతుంది. కర్నూలు నుంచి పరిశోధనకు వచ్చిన తనూజకు డ్రిల్లు పట్టే మనిషి కావలసి వచ్చింది. హోసూరు ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరైన యతీశ్ అయిదు రోజులు లీవు పెట్టాడు.

కోపం తగ్గాక ఆమే చెప్పింది. "ఇది ఒకప్పుడు కరిగిన రాయి. చల్లారేటప్పుడు లోపలి ఇనుప రవ్వలు అప్పటి ఉత్తరం వైపు తిరిగి అట్లే ఉండిపోయినాయి. వాటిని కొలిస్తే, కోట్ల ఏళ్ల కిందట మన నేల భూమ్మీద ఎక్కడ ఉండిందో తెలుస్తుంది."

"నేల కదిలిందా? మా నాయన ముప్పై ఏండ్లుగా ఈడే మేకలు మేపుతా ఉండాడే, ఆయనకు తెలీదే!"

తనూజ పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసమే యతీశ్ మరునాడు గంట ముందే వచ్చాడు.

ప్రతి ముక్కకూ ఆమె రెండుసార్లు దిక్కు చూసేది. ఒకసారి కంపాస్ ముల్లుతో, మరోసారి ఎండలో నిలబెట్టిన సన్నటి పుల్ల నీడతో. ఆమె చెప్పిన అంకెలు యతీశ్ నోట్‌బుక్‌లో రాసేవాడు. మొదటి రోజు ఆరడుగుల దూరం నుంచి. తర్వాత అంత దూరం వినపడటం లేదని దగ్గరికి జరిగాడు. వినపడక కాదు.

అయిదో రోజు మబ్బు పట్టింది. నీడ లేదు. ముల్లును నమ్మి నాలుగు ముక్కలు తీశారు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ కింద కూర్చుని తనూజ నోట్‌బుక్ తిప్పింది.

"ముల్లుకూ నీడకూ తేడా చూడండి. మొదటి రోజు ఒక డిగ్రీ. మూడో రోజు నాలుగు. నిన్న ఏడు. మీ జేబులో ఏముంది?"

యతీశ్ తీశాడు. మిషన్ కింద ఇనుప పొడి ఏరే గుండ్రటి అయస్కాంతం. ఫ్యాక్టరీ అలవాటుగా జేబులో వేసుకొచ్చాడు.

అతని ముఖం పాలిపోయింది. "మీ పనంతా చెడగొట్టినానా?"

"నీడ లెక్క ఉంది కాబట్టి అవన్నీ బాగున్నాయి. ఈ రోజువి నాలుగూ పోయినాయి. అయినా నిన్న అంత దగ్గరికి ఎందుకొచ్చినారు?"

"వినపడక..."

"నా గొంతు గుట్ట కింద మేకల దగ్గరుండే మీ నాయనకే వినపడుతుందంట."

యతీశ్ తల వంచుకున్నాడు. "మీ పక్కన ఉండాలనిపించింది మేడం. తప్పయితే చెప్పండి, పోతాను."

ఆమె నోట్‌బుక్‌లో మూడో రోజు పేజీకి తిప్పింది.

"ఆ తేడా నేను మూడో రోజే చూసినాను," అంది తనూజ మెల్లగా.

"మరి చెప్పలేదే?"

"చెబితే దూరం జరుగుతారని. ఈ రోజు కూడా చెప్పలేదు. నాలుగు ముక్కలు పోతే మళ్లీ రావచ్చు కదా!" ఆమె నోట్‌బుక్ అతని చేతిలో పెట్టింది. "ఆదివారం మీకు సెలవే కదా? అయస్కాంతం వద్దు. మీరు మాత్రం ఇట్లే దగ్గరగా ఉండండి."

వాన తగ్గాక యతీశ్ గుట్ట దిగి, అయస్కాంతం తీసి నాన్న చేతికిచ్చాడు. "ఇది నీ దగ్గర ఉండనీ నాయనా. ఆదివారం మళ్లీ పనుంది."

కదిరప్ప దాన్ని మొలలో దోపుకుని, పైన రాళ్లు సర్దుకుంటున్న తనూజ వైపు చూశాడు.

"అయిదు దినాలుగా చూస్తానే ఉండాను లేప్పా. ఆదివారం అన్నం మనింట్లోనే అని చెప్పు. కర్నూలు పాప కదా, మీ అమ్మ వేసే కారం చాలుతుందో లేదో అడిగి రాపో."