బాగానే ఉంది

"కంగ్రాట్యులేషన్స్ అండీ!" అన్నాడు బస్ స్టేషన్ అనౌన్సర్, ముఖమంతా నవ్వు పులుముకుని.

ఎదురు కుర్చీలోని అమ్మాయి అతన్ని రెండు క్షణాలు అలాగే చూసింది.

"దేనికి?"

"అదే... మీ ఎంగేజ్‌మెంట్‌కి. ఇప్పుడే చెప్పారుగా."

"ఎంగేజ్‌మెంట్ వద్దనుకున్నానని చెప్పాను."

హాల్లో మిగతా జంటలు మాటలాపి ఇటు తిరిగాయి. అనౌన్సర్ నవ్వు ఎక్కడ దాక్కోవాలో తెలియక ముఖం మీదే ఉండిపోయింది.

లైబ్రరీ మేడమీద ఆదివారం పొద్దున జరిగే ఆ క్లాసు నలుగురిలో మాట్లాడటం నేర్పడానికి. నడిపేది రిటైరైన ప్లీడరుగారు. మొదటిరోజే అందరినీ జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు మూడు నిమిషాలు మాట్లాడితే రెండోవాళ్లు విన్నది తిరిగి చెప్పాలన్నారు. "మాట్లాడటానికొస్తే వినమంటారేంటి సార్?" అని ఎవరో గొణిగితే, "కోర్టులో నేను ఓడిన కేసులన్నీ మాట్లాడుతూ ఓడినవే నాయనా. వింటూ ఒక్కటీ ఓడలేదు" అన్నారాయన.

అనౌన్సర్ మూడు నిమిషాలూ బుద్ధిగా తలాడించాడు గానీ, లోపల మాత్రం తన వంతు వస్తే ఏం చెప్పాలా అని వల్లె వేసుకుంటున్నాడు. చెవిన పడింది ఎంగేజ్‌మెంట్ అన్న ఒక్క మాటే.

"సారీ అండీ, నిజంగా..."

"మీరు ఇందాకట్నుంచీ మీ గొంతే వింటున్నారు, నాది కాదు." ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. వెళ్లిపోతుందనుకున్నాడు. బ్యాగు మళ్లీ దించి, కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంకోసారి చెప్తాను. ఈసారీ తప్పితే పార్ట్‌నర్‌ని మార్చమంటాను."

ఈసారి విన్నాడు.

ఆమె కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. చూపు పరీక్షించి, లెన్సులు అరగదీసి, ఫ్రేములో బిగిస్తుంది. పెద్దవాళ్లు చూసిన సంబంధం. అబ్బాయి మాటకారి. నిశ్చితార్థం రోజు ఆమెను ఎవరేం అడిగినా అతనే జవాబు చెప్పాడు. ఉద్యోగం మానేస్తుందని కూడా అతనే చెప్పాడు. ఆ సాయంత్రమే ఆమె వద్దంది. వద్దనడానికి గంటసేపు నోరు పెగల్లేదట. అందుకే ఈ క్లాసు.

"మరి మీకేం తక్కువ? గొంతు ఖంగుమంటోందిగా?" అంది చివర్లో.

గొంతుకేం తక్కువ లేదు. బస్ స్టేషన్లో అందరూ అతన్ని 'కంచు' అనే పిలుస్తారు. గాజు గదిలో మైకు ముందు కూర్చుని రోజుకు డెబ్భై బస్సులను పిలుస్తాడు. కానీ గాజు అవతలికొస్తే చాలు, గొంతులో వెలక్కాయ పడుతుంది. కిందటేడు కొత్త కండక్టర్లకు ట్రైనింగ్ ఇవ్వమని నిలబెడితే, నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఈ ఏడాది ట్రైనింగ్‌లో కూడా అంతే అయితే ట్రైనర్ పోస్టు వేరేవాళ్లకి పోతుంది.

"ఊరంతటికీ వినపడతావు, నలుగురి ముందు నోరు తెరవవు. ఏం మనిషివిరా!" అని అక్కే అతన్ని ఈ క్లాసులో చేర్పించింది.

ఆ తర్వాతి ఆదివారాలు ఎలా గడిచాయో అతనికి తెలియలేదు. క్లాసు పదకొండుకి అయిపోయేది. వాళ్లిద్దరూ లైబ్రరీ మెట్ల మీద ఒంటిగంట దాకా ప్రాక్టీసు చేసేవారు. చూరు మీంచి వాన ధారగా పడుతుంటే ఆమె పై మెట్టు మీద కూర్చునేది, అతను కింద నిలబడి కండక్టర్లకు చెప్పాల్సింది చెప్పేవాడు.

"ఎవర్ని చూస్తున్నారు?" అనేది.

"అందర్నీ."

"అందరూ అంటే ఎవరూ కాదు. ఒక్కళ్లని చూసి ఒక్క మాట పూర్తిగా చెప్పండి. తర్వాత ఇంకొకళ్లని చూడండి."

"ఇక్కడ మీరొక్కరే ఉన్నారు కదండీ."

"అయితే నన్నే చూడండి."

చూశాడు. అంతే, చెప్పాల్సింది కాస్తా మర్చిపోయాడు. ఆమె పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.

వినడంలో ఆమె గట్టిది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "షాపులోనే" అంది. "లెన్సు మార్చి ఎలా ఉందని అడుగుతాం కదా. 'బాగుంది' అంటే బాగున్నట్టే. 'బాగానే ఉంది' అన్నారంటే లేనట్టు. మొహమాటానికి అంటారు. వాళ్లను అలా పంపిస్తే వారంలో తలనొప్పని తిరిగొస్తారు. ఆ 'గానే' వినాలి."

ఎనిమిదో ఆదివారం ఆమె ఆలస్యంగా వచ్చింది.

"నన్ను మా కొత్త బ్రాంచికి వేశారు. సముద్రం ఒడ్డు ఊళ్లో. అక్కడ మేనేజరు మా పిన్నే. రేపు పది నలభై బస్సు."

"ఓ" అన్నాడు అనౌన్సర్. "మంచిదేగా."

ఆ 'గా' ఆమె విన్నదో లేదో.

సోమవారం పదిన్నరకి ఆమె పెట్టె లాక్కుంటూ గాజు గది కిటికీ దగ్గరికొచ్చింది. అతను హడావుడిగా కిటికీ తలుపు తీశాడు.

"వెళ్తున్నాను."

"ఊ."

"ఏమన్నా చెప్పాలా?"

రాత్రంతా కూడబలుక్కున్న మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె తన పెద్ద కళ్లతో ఎదురుచూస్తోంది. వెలక్కాయ మళ్లీ వచ్చి కూర్చుంది.

"బస్సు నాలుగో ప్లాట్‌ఫారంలో ఉందండీ" అన్నాడు.

ఆమె తలూపి వెళ్లిపోయింది.

తర్వాత ఆ బస్సును అతనే పిలవాల్సి వచ్చింది. మైకు చేతి కిందే ఉంది. మనసులో మాట అంటే స్టేషనంతా మోగేది. కానీ ఆమె ఒక్కదానికే చెప్పాల్సిన మాటను అంతమంది చెవుల్లో ఎలా పోస్తాడు? ఎదురుగా నిలబడితే చెప్పలేనిది గాజు చాటు నుంచి చెప్పడం మరీ సిగ్గుచేటు. ఎప్పటిలాగే ఊరి పేరు, ప్లాట్‌ఫారం, సమయం చదివాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఆ రోజు మొదలు పది నలభై అతనికి గండంగా మారింది. మిగతా బస్సులను మామూలుగానే పిలిచేవాడు. ఆ ఒక్క బస్సు దగ్గరికొచ్చేసరికి గొంతు అదోలా అయిపోయేది. ఆ ఊరి పేరు పలకడం ఆమె పేరు పలికినట్టే ఉండేది. పలికాక కాసేపు గదిలో ఏమీ తోచేది కాదు. ఒకరోజు ఆ బస్సు కండక్టరు వచ్చి కిటికీ తట్టాడు.

"కంచన్నా, నీకు దణ్ణం పెడతా. మా బస్సుని కాస్త హుషారుగా పిలువు. సాగనంపడానికొచ్చినవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటున్నారు!"

ఆదివారాలు క్లాసుకు వెళ్లేవాడు. ఎదురు కుర్చీలో ఇప్పుడొక బ్యాంకు ఉద్యోగి. మంచి మనిషే. క్లాసయ్యాక ఖాళీ మెట్ల మీద కాసేపు ఒక్కడే కూర్చుని ఇంటికొచ్చేవాడు. వారానికోసారి ఫోన్ చేసుకునేవారు. ఎలా ఉన్నారు, ఇక్కడ వాన, అక్కడా వానే, సరే ఉంటాను. ఫోన్ పెట్టేశాక అసలు మాటలు గుర్తొచ్చేవి.

రెండు నెలలకు ట్రైనింగ్ రోజు వచ్చింది. నలభైమంది కొత్త కండక్టర్లు. మూడో వరసలో ఒక పిల్ల పెన్ను పట్టుకుని, అతను చెప్పేదేదో రాసుకుందామని ఆత్రంగా చూస్తోంది. ఆ పిల్లను చూసి ఒక్క మాట పూర్తిగా చెప్పాడు. ఆ పక్కనున్న మీసాలాయన్ని చూసి ఇంకో మాట. మధ్యలో ఒకడు సందేహం అడిగితే, జవాబు కోసం తొందరపడకుండా చివరిదాకా విన్నాడు. అరగంట అనుకున్నది గంటయ్యింది. చివర్లో చప్పట్లు కొట్టారు. ట్రైనర్ పోస్టు అతనిదేనన్నారు.

ఆ సంగతి మొట్టమొదట ఆమెకే చెప్పాలని పరుగున బయటికొచ్చి ఫోన్ కలిపాడు.

"హలో, ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాను."

చప్పట్లు, పోస్టు, అన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ఏమీ మాట్లాడకుండా ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఇక్కడందరూ మంచివాళ్లే" అంది ఆమె ఎప్పటికో. "పిన్ని కూడా బాగా చూసుకుంటుంది. కానీ ఆదివారం పొద్దున్నే లేచి, ఎక్కడికో వెళ్లాలి కదా అనుకుంటాను. ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొస్తుంది." మళ్లీ ఆగింది. "మీరు మాట్లాడరేంటి?"

"వింటున్నానండీ."

మర్నాడు పది నలభై బస్సును వేరే అనౌన్సర్ పిలిచాడు. మన అనౌన్సర్ అందులో కిటికీ పక్కన కూర్చున్నాడు. తమ్ముడి సంగతి ముఖం చూసే కనిపెట్టి, మిగతాది అడిగి రాబట్టిన అక్క, ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిచ్చి, "ఈసారి ప్లాట్‌ఫారం నంబరు చెప్పి తిరిగి రాకు" అని మరీ పంపింది.

ఆ ఊళ్లో దిగేసరికి జోరువాన. చొక్కా ఇస్త్రీ కాస్తా వాన పాలైంది. షాపులో ఏడెనిమిదిమంది ఉన్నారు. ఆమె ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి లెన్సులు మారుస్తోంది. బిల్లు కౌంటర్ వెనక, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి పిన్ని చూస్తోంది.

"మీరా!" ఆమె చేతిలో లెన్సు అలాగే ఉండిపోయింది.

ఆలోచిస్తే ఆగిపోతానని అతనికి తెలుసు. ఆమెనొక్కదాన్నే చూస్తూ, ఆమెకొక్కదానికే వినపడేట్టు అన్నాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ రోజు కిటికీ దగ్గర చెప్పాల్సింది ఇదే. మీకిష్టమైతే పెళ్లి చేసుకుందాం. కాకపోతే అదీ చెప్పండి, వింటాను."

"ఏంటి నాయనా?" కౌంటర్ వెనకనుంచి పిన్ని. "నాకేం వినపడలేదు. కాస్త గట్టిగా చెప్పు."

షాపంతా తిరిగి అతన్నే చూసింది. మైకు లేదు, గాజు లేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. పారిపోదామా అనిపించింది. ఊపిరి పీల్చుకుని పిన్ని వైపు తిరిగి, డెబ్భై బస్సులను పిలిచే గొంతుతో అన్నాడు.

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ! ఆమె ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను!"

బయట వానకు ఆగినవాళ్లు కూడా లోపలికి తొంగిచూశారు. కుర్చీలోని పెద్దాయన, "నాకు చూపు సంగతేమో గానీ చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయమ్మా" అన్నాడు.

పిన్ని కళ్లద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకుంది.

"మొదటిసారే వినపడింది నాయనా. ఒకసారి మాటకారులెవరైనా అంటారు. నలుగురి ముందు నిలబడి రెండోసారి అంటావా లేదా అని చూశాను." తర్వాత కూతురి వైపు చూసినంత మెత్తగా ఆమె వైపు చూసింది. "ఇంక మా అమ్మాయి తరఫున..."

"పిన్నీ, ఆగు" అంది ఆమె. "జవాబు నేను చెప్తాను."

పిన్ని చప్పున నోరు మూసుకుంది. ఆమె చేతిలో లెన్సు పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"నాకూ ఇష్టమే. ఆ రోజు బస్సు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. కానీ నాకు భయం కూడా ఉంది. అదీ చెప్పాలి. చాలాసేపు పడుతుంది."

అనౌన్సర్ గోడ దగ్గరున్న స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"తిరుగు బస్సు రేపు గానీ లేదండీ" అన్నాడు. "చెప్పండి."