ఒక్కసారీ మెరవని బల్బు

ఆ రోజు ఆ ఇంటిని బూడిద కాకుండా కాపాడింది నేనే. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి. మా ప్రహరీ గోడకి అవతల ఉన్న ఇల్లది, మెయిన్ స్విచ్ కిందికి లాగింది ఈ కుడిచెయ్యే. ఈ ముక్క మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

ఆ ఇంటి పెద్దాయన బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మైకులో "దయచేసి వినండి" అంటే, డ్రైవరు ఎక్కకుండానే బస్సులు స్టార్టయ్యేవి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక అంతటి గొంతూ దారప్పోగంత మిగిలింది. ఎదురుగా కూర్చుని, పెదాల వంక చూస్తే తప్ప మాట అందదు. ఇంట్లో అందరికీ పనులుంటాయి. ఎదురుగా కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

ఆ తీరిక లేకపోయినా మార్గం ఆలోచించింది చిన్నమ్మాయి. సౌండు కంపెనీలో ఉద్యోగం మానేసి, హాల్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని డిజిటల్ ఆంప్లిఫయర్లు కట్టడం మొదలుపెట్టింది. అరచేతిలో ఇమిడే బోర్డు, మీటింగు హాలు అదిరిపోయే శబ్దం. మొదటిది తండ్రి కోసమని మొదలుపెట్టింది. చూసినవాళ్ళు మాకూ ఒకటి అంటే, వాళ్ళకి కట్టి ఇస్తూ అదే బతుకుతెరువు చేసుకుంది. తండ్రిది మాత్రం ఇవాళ, రేపు అంటూ వెనక్కి పోతూనే ఉంది.

పెద్దాడు, అంటే ఆమె అన్న, ఫైర్ స్టేషన్లో పని చేస్తాడు. కాపురం క్వార్టర్స్‌లో. వచ్చినప్పుడల్లా ముందు అమ్మని పలకరించడు, గోడల మీద ప్లగ్గులని పలకరిస్తాడు.

ఆ ఉదయం మామూలుగానే తెల్లారింది. పాలవాడు వచ్చి వెళ్ళాడు, కుక్కరు కూసింది. నేను పేపరు అడుక్కునే వంకతో వెళ్ళి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. పేపరు మా ఇంటికీ వస్తుంది, కానీ అందులో ఇంత మంచి గొడవలు రాయరు. పెద్దాడు యూనిఫారంతోనే దిగాడు. బట్టల నిండా పొగ వాసన.

"చెప్పులన్నా విప్పు నాయనా," అంది తల్లి.

"విప్పి కూర్చోవడానికి రాలేదమ్మా. బట్టలు సర్దుకున్నారా?"

"ముందు టీ తాగు. తిట్టడానికైనా ఓపిక కావాలిగా."

వాడు గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. "ఇప్పుడే ఒక ఇంటి నుంచి వస్తున్నాను. గోడ మీద చిన్న సాకెట్టు, అంతే. గదిలో మంచం ఆకారం మాత్రం మిగిలింది."

"మంచం మీద ఎవరైనా..."

"అడక్కమ్మా."

ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం ఆడినట్టు లేదు. అందరి చూపూ బల్ల మీదికి పోయింది. అక్కడ చెక్కముక్కకి బిగించిన హోల్డర్లో ఒక పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఉంది. కొత్తగా కట్టిన పవర్ సప్లైని చిన్నమ్మాయి ఎప్పుడూ నేరుగా గోడ కరెంటుకి తగిలించదు. మధ్యలో ఈ బల్బుని కాపలా పెడుతుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టు. మెరిసి అలాగే వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో కరెంటు అడ్డదారి పట్టినట్టు. వెంటనే ప్లగ్గు పీకేయాలి.

నిన్న సాయంత్రం పెద్దాడు వచ్చేసరికి ఆ బల్బు ఎర్రగా, రెప్ప వేయని కన్నులా వెలుగుతూ ఉంది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటా మాటా పెరిగింది. "రేపు పొద్దున్న నా ముందు వెయ్యి. మళ్ళీ ఇలాగే వెలిగిందా, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళిపోతాను. ఈ ఇంట్లో నువ్వూ నీ బల్బూ ఉండండి," అని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మళ్ళీ కూర్చుని, కాలిపోయిన డయోడు ఒకటి పట్టుకుని మార్చింది.

"తప్పు దొరికింది అన్నయ్యా," అంది ఇప్పుడు.

"మాటలొద్దు. స్విచ్ వెయ్యి."

పెద్దాయన ఎన్నడూ లేనిది కుర్చీ జరుపుకుని బల్లకి ఆనుకుని కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో దాచుకున్నాడు. చూపు కూతురి మీద లేదు, కొడుకు మీద లేదు, బల్బు మీదే ఉంది. 

చిన్నమ్మాయి స్విచ్ వేసింది.

బల్బు వెలగలేదు.

"హమ్మయ్య!" అని తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. పెద్దాడు బిగబట్టిన ఊపిరి వదిలాడు. పెద్దాయన పెదాల మీద నవ్వు పాకింది. చిన్నమ్మాయి కూడా నవ్వబోయి, స్పీకరు వైరు అందుకోవడానికి బోర్డు మీదికి వంగింది. లోపలి నుంచి సన్నటి రొద మొదలైంది, దోమ చెవి దగ్గరికి వస్తున్నట్టు. ఆ పిల్ల వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"వెలగలేదు," అంది.

"మంచిదేగా?"

"కాదు. మెరవాలి. ఒక్కసారైనా మెరవాలి అన్నయ్యా!"

ఒక చేత్తో ప్లగ్గు పీకుతూనే కాలితో తండ్రి కుర్చీని వెనక్కి తన్నింది. అంతలోనే పేలింది. తుపాకీ పేలినట్టు కాదు, గదిలో ఎవరో పెద్దగా తలుపు వేసినట్టు. కరెంటు దాచుకునే కెపాసిటరు, వెండి డబ్బా లాంటిది, దాని టోపీ ఎగిరి సీలింగుకి తగిలింది. తెల్లటి పొగలోంచి తడి కాగితం ముక్కలు మెల్లగా రాలాయి.

ఇక్కడ మొదట చెప్పిన ముక్క కాస్త సవరించుకోవాలి. మెయిన్ స్విచ్ లాగింది పెద్దాడు. ఆ సమయానికి నా కుడిచెయ్యి వాళ్ళ గేటు గడియ మీద ఉంది. ఎడమకాలి చెప్పు గుమ్మంలో, పేపరు పూలకుండీలో. మనిషినన్నాక పరుగెత్తనా? ఇంకే శబ్దాలూ రావని తేలాక చెప్పు కోసం వెనక్కి వచ్చాను.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తల్లి గోడకి అతుక్కుపోయింది. పెద్దాడు ఆ బోర్డుని ఎత్తి వాకిట్లోకి విసిరేద్దామని చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!" చిన్నమ్మాయి అరిచిన అరుపుకి వాడి చెయ్యి గాల్లోనే ఆగింది.

"కరెంటే లేదు కదే!"

"ఉంది. రెండో కెపాసిటరు ఇంకా పట్టుకునే ఉంది."

సొరుగులోంచి ఇంకో బల్బు తీసి, దాని వైర్లు రెండూ బోర్డుకి తాకించింది. మెయిన్ ఆపేసిన ఇంట్లో, ప్లగ్గు లేని బల్ల మీద, ఆ బల్బు భగ్గుమని వెలిగి నెమ్మదిగా చచ్చిపోయింది.  మంటల్లోకి నడిచి వెళ్ళే పెద్దాడు తన చేతివేళ్ళని తానే చూసుకున్నాడు.

తర్వాత ఆ పిల్ల కాపలా బల్బు చెక్కని తిరగేసింది. హోల్డరు వెనక రెండు కొసలనీ కలుపుతూ రాగితీగ ముక్క ఉంది. దాని మీద నల్లటి టేపు ఎంతో పొందికగా చుట్టి ఉంది. అంటే బల్బు ఊరికే అలంకారానికి ఉంది, కరెంటంతా పక్కనుంచి నేరుగా దూకేసింది.

పెద్దాడి మొహం నల్లబడింది. "నా కళ్ళు కప్పడానికా? బల్బు వెలగకూడదని తీగ చుట్టి, పక్కన నాన్నని కూర్చోబెట్టుకుంటావా? మనిషివేనా నువ్వు?"

ఆమె ఆ టేపు చుట్టు వంక చూసింది. నేనూ చూశాను. బస్టాండు మైకు వైరు తెగినప్పుడల్లా అలా చుట్టే చెయ్యి ఈ వీధిలో ఒక్కటే. ఆమెకి తెలియదా?

"అవును, నేనే," అంది మెల్లగా. "అమ్మానాన్నల్ని తీసుకెళ్ళు."

తల్లి ఏడుపు అందుకుంది. ఆ గోలలో పెద్దాయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎవరూ అటు చూడలేదు. చివరికి లేచి, కొడుకు చొక్కా కాలరు పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి లాగినట్టు కిందికి లాగి, వాడి చెవి తన నోటికి ఆనించుకున్నాడు. గదంతా ఒక్కసారిగా సద్దుమణిగింది, కాబట్టి నాకూ వినపడింది.

"నేనేరా. అది వెలిగితే నువ్వు మమ్మల్ని తీసుకుపోతావు. నీ చెల్లెలు ఒంటరిదైపోతుంది. అందుకే వెలగకుండా చేశాను."

"నాన్నా! చచ్చిపోయేవాళ్ళు. మీరూ, అదీ. రానని నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పానురా. నిన్న నువ్వున్నంతసేపూ చెబుతూనే ఉన్నాను. నా మాట వినడానికి నువ్వెప్పుడు కూర్చున్నావు?"

పెద్దాడు కుర్చీ పక్కన నేల మీద కూలబడి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"నాదీ తప్పే అన్నయ్యా," అంది చిన్నమ్మాయి, వాడి పక్కనే చతికిలబడి. "నిన్న నువ్వు అరిచి వెళ్ళాక మనసు పని మీద లేదు. డయోడు మారుస్తూ, తీసిన కెపాసిటరుని తిరగేసి బిగించాను, ప్లస్సు ఉండాల్సిన చోట మైనస్సు. నాన్న తీగ చుట్టకపోతే బల్బు వెలిగేది, నువ్వు తిట్టేవాడివి, అంతటితో పోయేది. నాన్నకని మొదలెట్టి, ఊరందరికీ కట్టాను. నేను మాత్రం ఎప్పుడు కూర్చున్నాను ఆయన దగ్గర?"

"బల్లని వెనక వసారాలోకి మార్చు," అన్నాడు వాడు. "కొత్తది ఏది కట్టినా నాకు చెప్పు. మెయిన్ మీద చెయ్యేసి నేను నిలబడతాను. నేను రాకుండా స్విచ్ వేశావో..."

"వేస్తే?"

"ఫైరింజను వేసుకుని వస్తాను, గంట కొట్టుకుంటూ. వీధంతా చూస్తుంది."

"ఆ గంటకి మా ఆంప్లిఫయరు పెట్టిస్తావా?"

తల్లి ఏడుస్తూనే నవ్వి, ఇద్దరి నెత్తినా చెరో మొట్టికాయ వేసింది. పెద్దాయన మళ్ళీ ఏదో మొదలుపెట్టాడు. పెద్దాడు ఈసారి గడియారం చూసుకోలేదు. తండ్రి నోటి దగ్గరికి చెవి జరుపుకుని, చెల్లెల్ని చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. ఆయన అలా చాలాసేపు మాట్లాడాడు. నాకు వినపడలేదు. చెప్పు దొరికింది కాబట్టి, ఇక ఉండడం బాగుండదని వచ్చేశాను.

పోయే ముందు ఒక అబద్ధం ఒప్పేసుకుంటాను. డ్రైవరు లేకుండా స్టార్టయిన బస్సుల సంగతి కాదు, అవి నిజమే. పెద్దాడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడని చెప్పానే, అది మాత్రం నేను అల్లింది. వాడు తుడుచుకోలేదు. చెయ్యి కదిపితే తండ్రి మాట ఎక్కడ జారిపోతుందోనని, కన్నీళ్ళని అలాగే కారనిచ్చాడు.