పచ్చిమట్టి తలలు

మేస్త్రి "పారిపోయిండు" అంటే మనిషి పారిపోయినట్టేనా? చెప్పండి, మీరే చెప్పండి.

ఇది రెండువేల ఆరు, ఎండాకాలం. వనపర్తిలో మా కాలేజీ హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, హైదరాబాదు కళాకారుడు నాగేశ్ సారు ప్రదర్శన పెట్టాడు. పేరు 'ఏదీ ఉండదు'. పచ్చిమట్టితో చేసిన మనుషుల తలలు, ఒక్కో తలలో చిన్న స్పీకరు. మేం విద్యార్థులం ఊరూరా తిరిగి రికార్డు చేసిన వలసకూలీల మాటలు వాటిలోంచి వినిపిస్తాయి. పైనుంచి నీటిచుక్కలు పడుతుంటే, మాట సాగేకొద్దీ ముఖం కరిగిపోతుంది.

పాన్‌గల్ రాములమ్మ మాట నేనే రికార్డు చేశాను.

"కాల్వ తవ్వుతుంటె మట్టిపెళ్ల ఇరిగి నా పెనిమిటి మీద పడ్డది బిడ్డా. తియ్యనియ్యలే. పని ఆగుతదని తిరుపతయ్య మేస్త్రి మీదికెల్లి ఇంకింత మట్టి పోయించిండు. ఊర్లకొచ్చి, కురుమూర్తి పారిపోయిండు అన్నడు. వాని నోటితోని సచ్చిండు అనేదాక ఈ గాజులు తియ్య."

పోయిన నెల, ఆ గాజులతోనే ఆమెను పూడ్చారు.

ప్రదర్శనలో ఆమె తల "కాల్వ తవ్వుతుంటె..." అని ఆగిపోయింది. మిగతాది కోసేశారు.

"ఏంది సార్ ఇది?"

"ఈ ప్రదర్శన ప్రారంభించేది ఆ తిరుపతయ్యగారే. ఈ మట్టి కూడా ఆయన ఆ కాల్వగట్టు నుంచే పంపారు. కాలేజీ డిబేటులోలాగా ఇక్కడ వాదించకు ఎస్తేరూ."

ఏదీ ఉండదట! మట్టి కింద మనిషిని దాచినవాడికి ఇంతకన్నా చల్లటి మాట ఏముంటుంది?

మిట్టమధ్యాహ్నం తిరుపతయ్య తెల్లబట్టల్లో వచ్చాడు. తలలను చూసి నవ్వాడు. "నన్ను గూడ బొమ్మ చేస్తవా సారూ?"

అందరూ నవ్వారు. అప్పుడే కరెంటు పోయింది.

మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చీకటి. తడిమట్టి వాసన... అందులోంచి మెల్లగా చెమట వాసన, బీడీ వాసన...

"పెళ్ల... ఇరిగింది..."

రాములమ్మ గొంతు. కోసేసిన మాట. దాని వెనకాలే మగగొంతు... నోట్లో మట్టి నిండినట్టు.

"మేస్త్రీ... జర తియ్యి..."

"ఎవడ్రా?" నా పక్కనే తిరుపతయ్య గుసగుస.

"నేను... పారిపోయిన్నా?"

దగ్గు. ఇంకా దగ్గు... అది తిరుపతయ్యది.

"లే... లేదురా కురుమూర్తీ... సచ్చినవు... కాల్వ తూము కింద... సచ్చినవురా..."

భళ్లున గాజులు పగిలాయి.

కరెంటొచ్చింది. తిరుపతయ్య నేలమీద ఉన్నాడు. తెల్లబట్టలకు మరక లేదు. నోటినిండా మట్టి. దవాఖానలో డాక్టరు తీసేకొద్దీ వస్తూనే ఉందట. దీపాలు పెట్టేవేళకు పోయాడు.

నాగేశ్ సారు సామాను వదిలేసి దొరికిన బస్సెక్కి పోయాడు. తలలన్నీ కరిగి బురదైపోయాయి. రాములమ్మ తల ఉన్నచోట పచ్చగాజుల ముక్కలు... పక్కన ఇంకో తల. ఎవరూ చేయనిది. నోరు తెరుచుకున్న తిరుపతయ్య ముఖం. దానిమీద నీళ్లు పడుతూనే ఉన్నాయి, అది కరగడం లేదు. దగ్గరికెళ్తే లోపలినుంచి అతని గొంతే... "తూము కింద... తవ్వుండ్రి..."

విన్నారు కదా? రేపు పొద్దున తూము కాడికి పోతున్నాం. గడ్డపార పట్టుకొని మీరూ రండి.