మూడు వందల ఏళ్ళ పెళ్ళికొడుకు

"మూడు వందల ఏళ్ళవాడికి పంతొమ్మిదేళ్ళ పిల్ల కావలసి వచ్చిందా?"

యస్నా పుస్తకాన్ని బల్ల మీద పడేసిన చప్పుడుకి షాపులో ఉన్న ఇద్దరు కాలేజీ పిల్లలు ఉలిక్కిపడ్డారు. నిచ్చెనెక్కి పై అర సర్దుతున్న మనిషి మాత్రం నెమ్మదిగా మెడ వంచి చూశాడు.

"ఏ మూడు వందల ఏళ్ళవాడండీ?"

"ఏ అంటే? ఎంతమందున్నారు మీ దగ్గర?"

"ఈ అర నవలల్లో పదకొండు మంది హీరోలు. కింది అరలో నాలుగు వేల ఏళ్ళవాడు ఒకడున్నాడు. వాడిదీ లేత మొహమే."

యస్నాకి ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, సోంబోర్ ఊళ్ళో కర్టెన్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఏడేళ్ళ కిందట మంచు పడ్డ రోడ్డు మీద కారు జారి భర్త పోయాడు. అప్పటి నుంచి ఫోను మోగితే చెడు కబురే అనుకుంటుంది. కూతురు దున్యా బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రి మెట్లు కళ్ళ ముందు ఆడతాయి. పదిహేనేళ్ళ పిల్ల గదిలో తలుపేసుకుని ఆరొందల పేజీల పుస్తకాలు చదువుతుంటే, పోనీలే, వీధుల్లో తిరగడం లేదు కదా అని ఇన్నాళ్ళూ సంతోషించింది. నిన్న దుప్పటి మారుస్తుంటే దిండు కింద ఈ పుస్తకం దొరికింది. ఎనిమిది పేజీలు చదివింది. తొమ్మిదో పేజీలో గుండె గుభేలుమంది.

"నీడల రాజట! పిల్లని ఎత్తుకుపోయి కోటలో పెట్టాడు. మెడ మీద కత్తి ఆనించాడు. ఆ పిల్ల ఏం చేసింది? అరిచిందా? పోలీసుల్ని పిలిచిందా? వాడి కళ్ళు భలే ఉన్నాయంది!"

"ఆ రాజ్యంలో పోలీసులుండరండీ."

"ఉండరు కాబట్టే వాడి ఆటలు! రేపు ఎవడో నల్లచొక్కా వాడు మోటార్ సైకిల్ ఆపి 'నేను మంచివాణ్ణి కాను' అన్నాడే అనుకోండి, మా పిల్ల ముచ్చటపడి వెనకాల ఎక్కేస్తే? మీరొచ్చి దింపుతారా?"

ఆయన నిచ్చెన దిగాడు. నలభై దాటిన మనిషి. స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగింది, చెవి మీద పెన్సిలు. పేరు రాద్మిలో, షాపు ఆయనదే.

"ఇది మీ అమ్మాయికి నేను అమ్మలేదు. మీ పోలికలున్న పిల్ల ఒకతె అడిగింది, పద్దెనిమిది నిండాక రమ్మన్నాను. నన్ను ముసలి డ్రాగన్ అని తిట్టిపోయింది. ఎవరో స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని ఉంటుంది."

కోపంతో వచ్చిన మనిషికి ఎదుటివాడి తప్పు లేదని తెలిస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. యస్నా షాపంతా చూసింది.

"ఈ అంచులకి రంగులేమిటి మరి? పేజీల అంచుల మీద గులాబీలు, మంటలు... చదవడానికా, షోకేసులో పెట్టుకోవడానికా?"

"రెంటికీ. కొందరు రెండేసి కాపీలు కొంటారు. రెండోది కవరు కూడా విప్పరు."

"పైన ఈ చీటీలేమిటి? 'శత్రువులు ప్రేమలో పడతారు. డ్రాగన్ ఉంది. సత్రంలో ఒకటే మంచం.' మందు సీసా మీద రాసినట్టు! కథంతా ఇక్కడే చెప్పేస్తే ఇంక చదవడం దేనికి?"

"ఇప్పటి ఫ్యాషన్ అదేనండీ. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే వాళ్ళకి ధైర్యం."

ఆ మాట యస్నాకి ఎక్కడో తగిలింది. తనకీ అలాంటి చీటీ ఒకటి ముందే ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేది. ఆ ఆలోచన రాగానే మరింత విసుగొచ్చింది.

"మీకేం ఇష్టం అసలు?"

పదహారేళ్ళుగా అందరికీ ఏ పుస్తకం చదవాలో చెబుతున్నాడు గానీ, నీకేమిష్టమని ఎవరూ అడిగినట్టు లేదు. రాద్మిలో చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి వెళ్ళి, అంచులకి ఏ రంగూ లేని పాత పుస్తకం ఒకటి తెచ్చాడు.

"ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒక గంటని మోసుకుంటూ ఉప్పు కొండలు దాటతారు. ఇది మొదటి భాగం."

"ప్రేమ ఉందా?"

"నాలుగో భాగంలో ఉంది. ఒకడు ఒకామె బూట్లు బాగుచేసి ఇస్తాడు."

"అంతేనా?"

"అంతే. ఆ పేజీ చదివాక రెండు రోజులు నేను మామూలు మనిషిని కాలేకపోయాను."

పిల్లకి ఇచ్చే ముందు విషం ఉందేమో చూడాలి కదా అని యస్నా ఆ పుస్తకం కొనుక్కుంది. అలా అనుకోవడమే మర్యాదగా ఉంది.

మరుసటి శనివారం వాన. గొడుగు దులపకుండానే లోపలికొచ్చింది.

"ఆ ముగ్గురిలో చిన్నపిల్ల తడి మేజోళ్ళతో కొండెక్కుతోంది! నలభై పేజీలు! ముసలి మంత్రగత్తె పక్కనే ఉండి కూడా 'మేజోళ్ళు మార్చుకోవే, న్యుమోనియా వస్తుంది' అని ఒక్క మాట అనదేం?"

"ఆవిడకి వేరే చింతలున్నాయండీ. లోకం ముగిసిపోతోంది."

"లోకం ముగిసేలోపు ఆ పిల్ల పోతుంది!"

రెండో భాగం పట్టుకెళ్ళింది. మంత్రగత్తె చచ్చిపోయిందని ఆ పై శనివారం వచ్చి రచయిత్రిని నోటికొచ్చినట్టు తిట్టి, కళ్ళు తుడుచుకుంది. రాద్మిలో కాఫీ పెట్టాడు. ఆ కాఫీ చల్లారే దాకా ఆవిడ భర్త గురించీ, మంచు గురించీ, రాత్రిళ్ళు లేచి కూతురి ఊపిరి వినడం గురించీ చెప్పింది. ఎందుకు చెప్పిందో తనకే తెలియదు. బయట వాన ఆగిపోయినా ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

నాలుగో భాగం అయ్యాక అసలు గొడవ.

"ఐదోది ఇవ్వండి."

"ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"తొమ్మిదేళ్ళుగా రాస్తోంది ఆవిడ."

"తొమ్మిదేళ్ళా! కిటికీకి ఒక రెక్క కర్టెన్ కుట్టిచ్చి, రెండోదానికి తొమ్మిదేళ్ళాగమంటే ఈ ఊరు నన్ను బతకనిస్తుందా? ఆ ముగ్గురినీ మంచుగుహలో వదిలేసి ఆ మహాతల్లికి అన్నం ఎలా సహిస్తోంది?"

ఇంట్లో దున్యా నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, చీటీ మీద రాస్తారే, శత్రువులు ప్రేమలో పడతారని. నీ కథకి అదే అంటించొచ్చు."

"నోర్ముయ్. పెద్దంతరం చిన్నంతరం లేదు!" అంది యస్నా. కానీ శనివారం మెడకి చుట్టుకున్న కొత్త స్కార్ఫ్ తల్లీకూతుళ్ళిద్దరికీ కనిపిస్తూనే ఉంది.

నవంబర్ మొదట్లో దున్యా ఫోనులో ఒక వీడియో తెచ్చి చూపించింది. రాద్మిలో షాపులో అరల మీద కొత్త చీటీలు. పెన్సిలు రాత. "మేజోళ్ళు మార్చుకోవే, న్యుమోనియా వస్తుంది." "ఎత్తుకుపోయినవాడు మొగుడు కాడు, దొంగ." కింద 'ఒక తల్లి' అని సంతకం. పిల్లలు గుంపులుగా వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారట. వేలమంది చూశారట.

"అమ్మా, నువ్వు ఫేమస్!" దున్యా ఎగిరి గంతేసింది.

యస్నా ఫోను లాక్కుంది. ఆ చీటీల్లో ఆఖరిది చదివింది. "రాత్రి లేచి పిల్ల ఊపిరి వినని తల్లులకి ఈ పుస్తకం అర్థం కాదు."

చేతిలో కత్తెర పట్టుకునే షాపుకెళ్ళింది.

"నీకు చెప్పుకున్నాను! మొగుడు పోయాక మనిషి జన్మెత్తినవాడితో ఇంత మాట్లాడింది నీతోనే! దాన్ని గోడకి అంటిస్తావా? నా భయం నీకు బేరమా?"

"యస్నా, పేరు వెయ్యలేదు, ఒక్క మాట విను..."

"మాటలు నీ అరల నిండా ఉన్నాయి, అమ్ముకో! నా ఇంటి ఛాయలకి రావద్దు."

ఇంటికి వచ్చాక ఆ కోపంలో మూడు కర్టెన్లు తప్పుగా కత్తిరించింది.

పదకొండు రోజులకి స్లావా, ఇంటిని కాచే సాధువు పండుగ. యస్నా అత్తవారింటి సాధువు జార్జి. భర్త పోయినా ఆ పండుగ ఆగలేదు. అత్తగారు స్తోయాంకా, డెబ్భై నాలుగేళ్ళావిడ, ఆగనివ్వలేదు. స్లావాకి ఎవరినీ పిలవరు. తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. వచ్చినవాణ్ణి వెనక్కి పంపిన ఇంటికి అరిష్టం.

మధ్యాహ్నం బెల్లు మోగింది. గుమ్మంలో రాద్మిలో. గడ్డం గీసుకున్నాడు, చిరగని కోటు వేసుకున్నాడు, చేతిలో వైన్ సీసా, కాఫీ పొట్లం.

"పండుగ చల్లగా జరగాలి, ఇంటివారూ."

"నిన్నెవరు పిలిచారు?" పళ్ళ బిగువున అడిగింది యస్నా.

"ఎవరూ పిలవలేదు. అందుకే వచ్చాను."

లోపల పొరుగువాళ్ళు చూస్తున్నారు, గోడ మీద పటంలో గుర్రమెక్కిన సాధువు డ్రాగన్‌ని పొడుస్తూ చూస్తున్నాడు. యస్నా పక్కకి తప్పుకుంది. తీపి గోధుమ గిన్నె ఆయన ముందుకి ఎంత విసురుగా తోసిందంటే చెంచా ఎగిరి కింద పడింది. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం ఆరు ముద్దలు వడ్డించి, "తిను" అంది, తిట్టినట్టు.

"చీటీలన్నీ పీకేశాను," అన్నాడు నెమ్మదిగా. "పిల్లలు నన్ను తిట్టారు కూడా."

"ఎందుకు పెట్టావసలు?"

"అందరూ పుస్తకం చదివి నెట్‌లో నక్షత్రాలిస్తారు. నాలుగు, నాలుగున్నర. ఆ పిల్ల మేజోళ్ళు తడిశాయని ఇన్నేళ్ళలో ఒక్కరూ కోప్పడలేదు. నీ మాటలు పోకూడదని రాసి పెట్టుకున్నాను. నా దగ్గరే ఉంచుకోవాల్సింది. గోడకెక్కించడం తప్పు. నిన్ను అడగాల్సింది. అడిగితే ఇంక రావేమోనని భయమేసింది."

"నీకు భయమా?"

"నాలుగో భాగం నీ చేతికిచ్చిన రోజు నుంచీ. అది అయిపోతే ఏ వంకతో వస్తావా అని." ఆయన ముద్ద వైపు చూస్తూ అన్నాడు. "వంక లేకుండా రమ్మని అడగడానికి వచ్చానివాళ."

దున్యా రెండు చేతులతో నోరు మూసుకుంది.

స్తోయాంకా కర్ర మీద ఆనుకుని లేచింది. బల్ల మధ్యలో పండుగ రొట్టె ఇంకా విరవలేదు.

"ఏడేళ్ళుగా ఈ రొట్టెని చెరోపక్క పట్టుకుని నేనూ మనవరాలూ తిప్పుతున్నాం. నా మోకాళ్ళు ఇక నిలబడవు. నాయనా, ఆ పక్క పట్టుకో. అమ్మాయ్, ఈ పక్కకి రా."

"అత్తయ్యా! అది మీ అబ్బాయి..."

"నా కొడుకు చోటు నాకు తెలుసు. అది ఎవరూ తీసుకోరు. రొట్టెకి అటో మనిషి, ఇటో మనిషి కావాలి. రా."

ఇద్దరూ పట్టుకున్నారు. రొట్టె మీద గాటు పెట్టి, అందులో వైన్ పోసి, మూడుసార్లు తిప్పారు. యస్నా అడగకూడదనుకుంది, ఉండబట్టలేక అడిగేసింది.

"నీకు కారుందా?"

"లేదు. సైకిలు."

"సైకిలా! ఇంత చలిలో! మంచు పడితే? లైటుందా దానికి? హెల్మెట్ పెట్టుకుంటావా? పెట్టుకోవు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది!"

అంటూండగానే యస్నాకి అర్థమైపోయింది. ఎవరికోసం ఇలా గుండె కొట్టుకోవడం మొదలైందో వాళ్ళు ఇంట్లోవాళ్ళయిపోయినట్టే. దానికి మందు లేదు. రొట్టె రెండుగా విరిగింది, ఆయన తన సగాన్ని ముద్దు పెట్టుకుని ఆవిడకిచ్చాడు.

"వచ్చే ఏడు ఇలా అతిథిలా దిగబడ్డావంటే ఊరుకోను," అంది యస్నా, కళ్ళు తుడుచుకుంటూ, ఇంకా కోపంగానే. "అతిథులు మధ్యాహ్నం వస్తారు. నువ్వు పొద్దున్న ఐదింటికే లేచి నాతో కూచుని ఆకులు చుట్టాలి. మూడు వందల ముద్దలు. విన్నావా?"

"విన్నాను," అన్నాడు రాద్మిలో.