వెనక లైటు మీద గంధం

"వద్దు నాయనా, తుడవొద్దు!"

భవిత ఇంట్లోంచి ఒక్క పరుగున వచ్చి తండ్రి చేతిలోని గుడ్డను లాక్కుంది. చేతుల నిండా గంధం, ముక్కు మీద కుంకుమ. ఆయుధపూజ పనంతా పొద్దున్నుంచీ తన నెత్తినే వేసుకున్న పిల్ల మరి!

"లైటు మీద ఇంత మందాన పూసినావు కదే. కొంచెం తుడుస్తా," అన్నాడు చంద్రమౌళి.

"ఒక్క పువ్వు కూడా తీయకూడదు. అమ్మ చూడాల!"

చంద్రమౌళి బోరు మోటార్లు రిపేరు చేస్తాడు. చుట్టుపక్కల ఇరవై పల్లెలకు ఆయన్ని తిప్పేది ఆ మోటార్ సైకిలే. అందుకే పూజలో స్పానర్లన్నీ వరసగా పేర్చి, నడిమధ్యన బండిని నిలబెట్టారు. అలంకారం మాత్రం ఎవ్వరినీ వేలు పెట్టనివ్వలేదు భవిత. ఆరో తరగతి పిల్ల అయితేనేం, పట్టు పట్టిందంటే అంతే!

ముందర రెండు పక్కలా అరటి పిలకలు కట్టింది. హ్యాండిల్‌కు బంతిపూల మాల చుట్టింది. ఇంకో మాలను సీటు వెనక నుంచి కిందికి వేలాడదీసింది. హెడ్‌లైటుకూ వెనక లైటుకూ గంధం పట్టించి, అరచేతంత కుంకుమ బొట్లు పెట్టింది. రెండు అద్దాల మీదా చెరొక తిరునామం దిద్దింది. అబ్బో, ఆ నామాలు ఎంత బాగా కుదిరాయో!

కానీ అమ్మ చూడలేదు. భవిత వాళ్ళమ్మ ప్రసన్నకుమారి తిరుచానూరులో ఒక లాడ్జిలో పని చేస్తుంది. పండగ రద్దీ, లీవు ఇవ్వలేదు. తెల్లారకముందే వెళ్ళిపోయింది. సాయంత్రం ఆరున్నర బస్సుకు పూతలపట్టులో దిగుతుంది. అక్కడి నుంచి పల్లెకు ఈ బండి మీదే తీసుకురావాలి.

"అద్దంలో నాకేం కనపడుతుందే? నామమే కనపడుతుంది," అన్నాడు చంద్రమౌళి.

"ఒక్కపూటకే కదా నాయనా. అమ్మ చూసేదాకా. నా బంగారు నాయన కదా!"

ఆయన తల గోక్కున్నాడు. పండగ పూట పిల్ల మొహం చిన్నబోతే చూడలేడు ఆయన. "సరే, నీ మాటే కానీ. ఇంటికొచ్చినాక మాత్రం తుడిచేస్తా," అన్నాడు.

హెల్మెట్ దగ్గర మాత్రం ఆయన మెత్తబడలేదు. "పూలజడ నలిగిపోతుంది" అని భవిత ఎంత మూతి ముడిచినా, గడ్డం కింద క్లిప్పు టక్కున బిగించాడు.

బండి పల్లె దాటుతుంటే అంగడి సిద్ధమ్మ బుగ్గన వేలేసుకుంది. "అబ్బో, పెండ్లికొడుకు మాదిరుండాదే మీ బండి!" అంది. భవితకు ఒళ్ళంతా పొంగిపోయింది. అమ్మ బస్సు దిగి ఏమంటుందో అని అప్పుడే ఊహించుకోసాగింది.

రెండు మైళ్ళు పోయేసరికి మబ్బు కమ్మింది. సన్నటి తుంపర మొదలైంది. చిత్తూరు-తిరుపతి రోడ్డు ఎక్కేటప్పటికి వెలుతురు బాగా తగ్గిపోయింది. కార్లు, బస్సులు, లారీలు రివ్వుమని పోతున్నాయి. పండగ కదా, ప్రతి బండికీ పూలు, అరటాకులు.

చంద్రమౌళి బండి నెమ్మది చేశాడు. రోడ్డు మీద ఆయన పద్ధతే అంత. "మనల్ని ఎవరూ చూడలేదనే అనుకోవాల పాపా. చూసినారని తెలిసినాకే ముందుకు పోవాల," అని ఎప్పుడూ చెప్తుంటాడు. భవిత ఎప్పుడూ "ఊఁ" అంటుంది. అంతకుమించి పట్టించుకున్నది లేదు.

పెట్రోల్ బంకు దాటుతుండగా లోపలి నుంచి ఒక తెల్లకారు రోడ్డు మీదికి వచ్చింది. డ్రైవరు తల తిప్పి సరిగ్గా వీళ్ళ వైపే చూశాడు. చూసి కూడా ఆగలేదు. కారును అడ్డంగా ముందుకు పోనిచ్చాడు!

చంద్రమౌళి హారన్ కొడుతూ బ్రేకు పట్టాడు. భవిత హెల్మెట్ ఆయన వీపుకు ఠపీమని తగిలింది. జానెడు దూరంలో బండి ఆగింది. కారు ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

"ఇటే చూసినాడు కదా నాయనా! మళ్ళీ ఎట్లా వస్తాడు?"

"చూసినాడు. మనం కనపడలేదు."

ఎందుకు కనపడలేదు? భవిత పక్కకు వంగి ముందుకు చూసింది. రోజూ రోడ్డు మీద తెల్లగా, దూరం దాకా పడే వెలుగు ఇవాళ లేదు. చక్రం ముందర పసుప్పచ్చగా ఇంతే ఇంత, నూనె అయిపోయిన దీపం మాదిరి ఉంది.

గంధం! తాను పట్టించిన గంధం!

చెప్పేద్దామా అనుకుంది. నోటి దాకా వచ్చింది కూడా. చెప్తే నాయన ఇక్కడే ఆపి అంతా తుడిచేస్తాడు. ఇంకొక్క కిలోమీటరే కదా. అమ్మ ఒక్కసారి చూస్తే చాలు కదా. ఆ మాటను అట్లాగే మింగేసింది.

అదిగో, అక్కడే తప్పు చేసింది భవిత. పూసినప్పుడంటే తెలియదు. ఇప్పుడు తెలుసు.

పూతలపట్టు కూడలి దగ్గరపడింది. కుడి పక్కకు తిరగాలి. చంద్రమౌళి ఇండికేటర్ వేశాడు. టిక్ టిక్ అని చప్పుడు వినిపిస్తోంది. కానీ ఆ లైటు బంతిపూల మాల వెనక వెలిగి ఆరుతోంది. ఎవరికి కనపడాలి? ఆయన అద్దంలోకి చూశాడు. తిరునామం కనిపించింది. ఇంక లాభం లేదని కొద్దిగా కుడికి జరుగుతూనే తల వెనక్కి తిప్పాడు.

అంతే! "పట్టుకో పాపా!" అని కేక పెట్టాడు.

వెనక నుంచి ఒక మినీ లారీ మీది మీదికి వచ్చేస్తోంది. హారన్ చెవులు బద్దలయ్యేలా మోగింది. చంద్రమౌళి హ్యాండిల్‌ను ఎడమకు లాగాడు. భవిత మోకాలి పక్క నుంచే లారీ చక్రం జుయ్యిమని పోయింది. గాలికి అరటి పిలక విరిగి ఎగిరిపోయింది. బండి రోడ్డు దిగి, తడిసిన మట్టిలో జారి, పక్కకు పడిపోయింది.

భవిత గడ్డిలో పడింది. హెల్మెట్ నేలకు కొట్టుకుని తల గింగిరాలు తిరిగింది. లేచి చూస్తే నాయన బండి కింద ఉన్నాడు. కదలడం లేదు.

"నాయనా!"

పలుకు లేదు.

"నాయనా! ఓ నాయనా!" ఆ క్షణంలో పండగా లేదు, పూలూ లేవు. నాయన ఒక్క మాట మాట్లాడితే చాలు అనుకుంది.

"ఉండాను... ఉండాను పాపా," అన్నాడు చంద్రమౌళి మెల్లగా. "నీకేమైనా తగిలిందా?"

అంతదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

లారీ డ్రైవరు బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. బండిని ఎత్తి చంద్రమౌళిని లేవదీశాడు.

"దేవుని సాక్షి అప్పా, నువ్వు తిరుగుతా ఉండావని నాకు తెలీదు! వెనక లైటు లేదు, ఇండికేటర్ లేదు. ఎట్లా తెలుస్తుంది?"

"లైటు ఉండాదప్పా," అన్నాడు చంద్రమౌళి.

ముగ్గురూ వెనక్కి చూశారు. లైటు వెలుగుతూనే ఉంది. గంధం కింద, కుంకుమ కింద, ఎవరికీ కనపడకుండా.

చంద్రమౌళి మోచేయి గీసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆయన వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. మోటార్లు విప్పేది ఆ చేత్తోనే. వేళ్ళన్నీ కదిలాయి. "పర్వాలేదు," అని ఊపిరి వదిలాడు.

"నాయనా, నేను ముందే చూసినాను," అంది భవిత వెక్కుతూ. "కారు వచ్చినప్పుడే తెలిసింది, గంధం వల్లేనని. చెప్తే తుడిచేస్తావని చెప్పలేదు."

ఆయన వెనక లైటు మీది గంధాన్ని వేలితో ఒకసారి గీకి చూశాడు. ఆ నిమిషం భవితకు తిట్టు తిన్నదానికంటే కష్టంగా తోచింది.

"నువ్వు చెప్పలేదు. నేను తెలిసీ బండి తీసినాను," అన్నాడు చివరికి. "పెద్దోణ్ణి, నాది ఇంకా పెద్ద తప్పు. ఏడవొద్దు. ముందు చేయాల్సింది చూడు."

భవిత కళ్ళు తుడుచుకుంది. రెండు గంటలు కూర్చుని తాను కట్టిన మాలను రెండు చేతులా పట్టి లాగేసింది. బంతిపూలు మట్టిలో రాలాయి. లారీలోని నీళ్ళ సీసా తెచ్చి, పావడా అంచుతో హెడ్‌లైటు కడిగింది. వెనక లైటు కడిగింది. అద్దాలు కడిగింది. అవి తళతళలాడేదాకా వదల్లేదు.

లారీ డ్రైవరు ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన లారీ దగ్గరికి పోయాడు. ముందరి అద్దానికి సగం దాకా వేలాడుతున్న పూలదండను తెంచి పక్కన పెట్టాడు.

కూడలికి చేరేసరికి ఆరున్నర కావస్తోంది. బస్సు ఇంకా రాలేదు. చంద్రమౌళి టీ అంగడి దగ్గర బండి ఆపి మోచేయి కడుక్కుంటున్నాడు.

అప్పుడే భవిత కంట్లో ఇంకొక బండి పడింది. దాని మీద ఒక కుర్రాడు, వెనక భార్య, ఆమె ఒళ్ళో పసిబిడ్డ. వెనక లైటు మీద ఇంత గంధం, ఇంత బొట్టు, దాని మీద మాల. కుర్రాడు కిక్కు కొట్టబోతున్నాడు.

భవిత కొత్తవాళ్ళు పలకరిస్తేనే నాయన వెనక దాక్కునే రకం. అయినా కాళ్ళు ఆగలేదు.

"అన్నా! అన్నా, పోవద్దు! మీ లైటు కనపడదు!"

"పూజ చేసిన గంధం పాపా," అన్నాడు కుర్రాడు నవ్వుతూ. "తుడిస్తే మా అమ్మ ఒప్పుకోదు. ఇల్లు ఈడనే, రెండు మైళ్ళు."

"మేమూ అట్లానే అనుకున్నాం అన్నా." భవిత తన మట్టి పావడా చూపించింది. అక్కడ మోచేయి కడుక్కుంటున్న నాయనను చూపించింది.

ఒళ్ళో బిడ్డనున్న ఆమె మొహం మారిపోయింది. "ఆపు ముందు," అంది భర్తతో.

"బొట్టు పోదక్కా," అంది భవిత. లైటు మీది గంధాన్ని జాగ్రత్తగా వేలితో తీసి, పెట్రోలు ట్యాంకు మీద పెట్టింది. దాని మీద ఆ బొట్టులోని కుంకుమే అద్దింది. మాల తీసి హ్యాండిల్ మధ్యన కట్టింది, లైటుకు అడ్డం రాకుండా. తర్వాత వెనక్కి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, వెనక లైటు తుడవసాగింది.

తిరుపతి బస్సు వచ్చి ఆగింది. ప్రసన్నకుమారి సంచి పట్టుకుని దిగింది. రోజూ మెట్టు దగ్గరికే ఉరికొచ్చి సంచి లాక్కునే కూతురు కనపడలేదు. చుట్టూ చూస్తే, ఎవరిదో బండి వెనక తడి నేల మీద కూర్చుని ఉంది.

"భవీ! ఈడ సూడు, నేనొచ్చినాను!"

భవిత తల తిప్పలేదు.

"ఒక్క నిమిషం అమ్మా," అంది. "వీళ్ళు పోవాల. ఇంకొంచెం ఉండాది."